కారణం గడిలో ముద్ర

నేను పనిచేసి రిటైరైన రాతిపొడి మిల్లు డిస్పెన్సరీలో, నా కుర్చీలో ఇప్పుడొక అమ్మాయి కూర్చుంటోంది. కొత్తగా చేరిన ఫార్మసిస్టు. ఎవరో నా నంబరు ఇచ్చినట్టున్నారు, పోయిన నెలలో ఫోన్ చేసింది. రిజిస్టర్లు పోయాయంట, అంతా కంప్యూటరేనంట. దగ్గుతో ఎవరైనా వస్తే ‘కారణం’ అనే గడి నొక్కగానే ఒక జాబితా వస్తుందంట. అందులో పొగాకు ఉంది, వాతావరణం ఉంది, ఎలర్జీ ఉంది. దుమ్ము మాత్రం లేదంట. “ఏది నొక్కాలి సార్?” అని అడిగింది.

మళ్ళీ చేస్తానని పెట్టేశాను. ఫోన్‌లో చెప్పగలిగింది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఆ అమ్మాయి ఒక్కతే కాదు, అలాంటి కుర్చీల్లో కొత్తగా కూర్చునే పిల్లలంతా ఓపిక ఉంటే చదవండి. ఇందులో నా గొప్ప ఏమీ లేదని ముందే చెబుతున్నాను.

చట్టం చెప్పేది అంత కష్టమైన మాట కాదు. పనిలో దెబ్బ తగిలి మనిషి రెండు రోజులు పనికి రాలేకపోతే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు తెలపాలి. పని వల్ల జబ్బు వస్తే, అది చట్టంలో రాసిన జబ్బుల్లో ఒకటైతే, దాన్నీ తెలపాలి. రాతిదుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు అందులో ఉంది. తెలపాల్సింది మేనేజరు. మేనేజరుకు తెలియాలంటే నా రిజిస్టరులో ఉండాలి. అందులో లేని జబ్బు మిల్లులో లేనట్టే లెక్క.

నా మొదటి ఉద్యోగం పులివెందుల వైపు ఒక రాతి గనిలో. చేరిన నెలలోనే దగ్గుతో వచ్చిన ఒకాయన పేరు రాసి, కారణం గడిలో ‘రాతిదుమ్ము’ అని రాశాను. నిజమే కదా అనుకున్నాను. పది రోజుల్లో పై ఆఫీసు నుంచి నాకొక కాగితం వచ్చింది. రోగకారణం నిర్ణయించే అర్హత కాంపౌండరుకు ఎవరిచ్చారో సంజాయిషీ ఇమ్మన్నారు. దానికి జవాబు రాస్తే ఇంకో కాగితం. ఆ దగ్గు మనిషిని పనిలోంచి తీసేశారు. ఆయన నా దగ్గరికి వచ్చి, “నీ పున్యాన నాకు దగ్గూ ఉంది, పనీ పాయ” అని ఒక్క మాట అనేసి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి ‘దుమ్ము’ అనే ఆ రెండక్షరాల మాట రాయడానికి నాకు చేయి ఆడలేదు.

తర్వాత ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే దారిలో ఈ మిల్లు పెట్టారు. రాళ్లను పిండి చేసి బస్తాల్లో నింపి లారీలకు ఎక్కించే మిల్లు. నాది ప్రొద్దుటూరే కాబట్టి దగ్గరని ఇక్కడ చేరాను. రోజుకు ఇరవై ముప్పై మంది వచ్చేవాళ్ళు, సగం దగ్గులే. కారణం గడి ఖాళీగా ఉంటే ఆడిట్‌వాళ్ళు ఎర్ర ఇంకుతో గుండ్రం చుట్టేవాళ్ళు. దుమ్ము అని రాయకూడదు, ఖాళీ పెట్టకూడదు. అందుకని అందరికీ ‘పొగతాగే అలవాటు’ అని రాయడం మొదలుపెట్టాను. నిజానికి చాలామంది బీడీలు తాగేవాళ్ళే, పెద్ద పాపమేమీ అనిపించలేదు.

కొన్నాళ్ళకు రాసి రాసి చేయి నొప్పి పుట్టింది. నేను తెలివైనవాణ్ని కదా! ప్రొద్దుటూరు బజారుకు పోయి ‘పొగతాగే అలవాటు ఉంది’ అని ఒక రబ్బరు ముద్ర చేయించుకొచ్చాను. కొలత తీసుకుని మరీ చేయించాను, గడిలో సరిగ్గా పట్టేది. ఆడిట్‌వాళ్ళు మెచ్చుకున్నారు కూడా.

మా టైమాఫీసు గుమాస్తా మాత్రం దాన్ని చూసి పగలబడి నవ్వాడు. నాకంటే రెండేళ్ళు పెద్ద, పక్క గదిలో హాజరు పుస్తకాలు చూసుకునే మనిషి. “మాకు సంతకాలు పెట్టల్యాక చేతి యేళ్లు అరిగిపోతాండాయి, నువ్వు జబ్బులకు కూడా ముద్రేసి పంపిస్తాండావు గదప్పా. పోస్టాఫీసు పెట్టుకో పో” అన్నాడు. నేనూ నవ్వాను.

ఇక మామ సంగతి. బస్తాలు నింపే షెడ్డులో పనిచేసేవాడు. జమ్మలమడుగు ముస్లిం, మంచి మాటకారి. షెడ్డులో చిన్నాపెద్దా అంతా ఆయన్ను మామా అనే పిలిచేవాళ్ళు, నేనూ అంతే. బీడీ కాదు కదా వక్కపలుకు కూడా నోట్లో వేసుకోడు. పెళ్ళికి ముందు తాగేవాడంట. నిఖా నాడు భార్యకు మాటిచ్చి మానేశాడంట. “ఆమెకు దాని వాసనొస్తే కడుపులో తిప్పుతాది, ఆమె ఒకటే అడిగింది నన్ను, అది గూడా ఇయ్యకపోతే ఎట్లప్పా” అనేవాడు.

ఆ షెడ్డువాళ్ళకు రోజూ డ్యూటీ దిగేటప్పుడు ఒక్కొక్కరికి బెల్లం ముక్క ఇచ్చేవాళ్ళు. బెల్లం తింటే గొంతులో దుమ్ము జారిపోతుందని మా వైపు నమ్మకం. యార్డులో పనిచేసేవాళ్ళకు లేదు, డ్రైవర్లకు లేదు, షెడ్డువాళ్ళకే. బెల్లం తీసుకున్నట్టు ఒక పుస్తకంలో సంతకం కూడా పెట్టాలి. దుమ్ముకు బెల్లం పంచుతూ దగ్గుకు బీడీ ముద్ర వేస్తున్నామని నాకు అప్పట్లో తట్టనే లేదు. తట్టినా ఏం చేసేవాణ్నో తెలియదు.

మామ మొదట నెలకోసారి వచ్చేవాడు, తర్వాత వారానికోసారి. మందు ఇచ్చి, ముద్ర వేసి, వేలితో చూపిస్తే పక్కన సంతకం పెట్టేవాడు. ఆయనకు తన పేరు రాయడం తప్ప తెలుగు చదవడం రాదు. ఒకరోజు, “ఏం ముద్రప్పా అది?” అని అడిగాడు.

“మందు ఇచ్చినట్టు ముద్ర మామా” అన్నాను.

అబద్ధం అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. ఆయన ‘సరేప్పా’ అని సంతకం పెట్టి పోయాడు.

అలా పద్దెనిమిదేళ్ళు గడిచాయి. ఈలోపు మామ బావమరిది కువైట్ నుంచి ఆయనకు వీసా పంపాడు, ఒక ఇంట్లో వంటపని. మా జిల్లాలో కువైట్ అంటే పక్కూరు మాదిరే కదా. మామ మెడికల్ కోసం మద్రాసు పోయొచ్చాడు. ఛాతీ ఎక్స్‌రేలో మచ్చలున్నాయని అన్‌ఫిట్ అన్నారు. అందరూ టీబీ అనుకున్నారు. ఆరు నెలలు టీబీ మాత్రలు మింగాడు, మనిషి ఇంకా చిక్కిపోయాడు. చివరికి పెద్దాస్పత్రిలో ఒక డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి మొదట అడిగిన ప్రశ్న, “ఏం పని చేస్తావయ్యా?” అని. రాతిపొడి మిల్లు అనగానే ఆమెకు అర్థమైపోయింది. దుమ్ము వల్ల వచ్చిన జబ్బని రాసి, ఫ్యాక్టరీల శాఖకు ఒక కాగితం, మా మిల్లుకు ఒక కాగితం పంపింది. ఆ జబ్బు పనివల్ల వచ్చిందని తేలితే మామకు బతికినన్నాళ్ళూ పెన్షను, ఆయన తర్వాత భార్యకు. తేలకపోతే ఏమీ లేదు. అప్పటికే ఆయన బస్తా ఎత్తలేకపోతున్నాడు.

మా మేనేజరు కోస్తా మనిషి. చెడ్డవాడని చెప్పను. ఇంట్లో పెళ్ళైతే మిల్లంతటికీ భోజనం పెట్టాడు. కానీ పై ఆఫీసు అంటే ఆయనకు వణుకు. నన్ను పిలిచి, “మీ రిజిస్టరు ఒకసారి పట్రండి” అన్నాడు. పేజీలు తిప్పేకొద్దీ ఆయన ముఖం వెలిగింది. “ఏవండీ, మిల్లును కాపాడారు మీరు! ఇన్నేళ్ళు, ప్రతిసారీ, అతని సంతకంతో సహా!” అని నా భుజం తట్టాడు. ఆ సాయంత్రమే జవాబు టైపు చేయించాడు. సదరు కార్మికునికి దీర్ఘకాలంగా పొగతాగే అలవాటు ఉన్నట్టు అతడు స్వయంగా సంతకం చేసిన రికార్డులు చెబుతున్నాయి, జబ్బుకు మిల్లుతో సంబంధం లేదు అని. ఒక ప్రతి మామ ఇంటికి పోయింది. ఆయనకు తెలుగు చదవడం రాదు కాబట్టి ఎదురింటి టీచరు చదివి చెప్పాడంట, భార్య ముందరే.

మరుసటి రోజు మామ నా గదికి వచ్చాడు. గేటు నుంచి నా గది వరకు వంద అడుగులుంటాయేమో, మూడుచోట్ల ఆగి వచ్చాడు. బల్ల మీద చేతులానించి ఊపిరి కూడగట్టుకున్నాడు.

“నేను బీడీ తాగంగ నువ్వు యాడ చూసినావప్పా?”

“అది ఊరికే ఫార్మాలిటీ మామా. అందరికీ అట్లే వేస్తా.”

“మందు ఇచ్చినట్టు ముద్ర అంటివే.”

ఆయన గొంతు పెంచలేదు, పెంచే ఊపిరి లేదు కూడా. “పెన్షను మాట దేవుడెరుగు. ఇంట్లో ఆమె నా మొగం చూస్తాంది అప్పా. అడగల్యాక చూస్తాంది. సంతకం నువ్వే పెట్టినావు గదా అని ఒక్కసారి అడిగింది. నేనేం చెప్పల్ల?” అన్నాడు.

“కనుక్కుంటా మామా, ఏదో ఒకటి చేద్దాం” అన్నాను. ఏమీ చేయలేదు. విచారణ పడడానికి నెలన్నర పట్టింది. ఆ నెలన్నరలో మేనేజరుకు ఒక్క మాట చెప్పలేదు, మామ ఇంటికీ పోలేదు. రిటైర్‌మెంటుకు రెండేళ్ళుంది నాకు. పులివెందుల సంజాయిషీలు గుర్తొచ్చేవి. సిగ్గుగా ఉంది కానీ రాయాలి కదా, భయపడ్డాను. అంతే.

విచారణ రోజు ఫ్యాక్టరీల శాఖ తరపున ఒక పెద్ద డాక్టరు వచ్చాడు. పెద్దగా మాట్లాడని మనిషి. మేనేజరు గదిలో కూర్చున్నాం. మామ తలుపు పక్కన కుర్చీలో ఉన్నాడు. భార్యను గేటు దగ్గర సెక్యూరిటీవాళ్ళ షెడ్డులో కూర్చోబెట్టారు, లోపలికి రానివ్వలేదు. రిజిస్టర్లన్నీ నేనే మోసుకొచ్చి బల్లమీద పెట్టాను.

డాక్టరు నిదానంగా తిప్పుతున్నాడు. ప్రతి పేజీలో ముద్రలే. ఒకచోట ఆగి, “ఈమె ఊడ్చే పని చేసే ఆవిడ కదా. ఈమెకూ అలవాటుందా?” అన్నాడు.

“కొందరు ఆడవాళ్ళు చుట్ట కాలుస్తారండి ఈ వైపు” అన్నాడు మేనేజరు, తడుముకోకుండా.

డాక్టరు తలాడించి ఇంకో పేజీ తిప్పాడు. మామ ఆ పుస్తకం వైపే చూస్తున్నాడు. చదవలేని పుస్తకంలో తన సంతకాలు వెతుక్కుంటున్నాడు. నాకు అప్పుడు ఒక పేజీ గుర్తొచ్చింది. ముందుగా అనుకున్నదేమీ కాదు, నిజంగా అప్పుడే గుర్తొచ్చింది. ఒక చలికాలం నాకే దగ్గు పట్టి డిస్పెన్సరీలోని మందు సీసా వాడుకున్నాను. సీసా లెక్క తేలాలి కదా, నా పేరు నేనే రాసుకున్నాను. చేయి అలవాటుగా పోయి ముద్ర కూడా వేసింది. గుమాస్తా చూసి వారం రోజులు ఆటపట్టించాడు.

లేచి రెండో రిజిస్టరు తీసి, ఆ పేజీ వెతికి డాక్టరు ముందు పెట్టాను.

“ఈ పేరు నాది సార్. నేను పుట్టినప్పటి నుంచి బీడీ ముట్టింది లేదు. ఎవరినీ అడిగి వేసిన ముద్ర కాదిది. కారణం రాయకూడదని వేసింది. ఈ మామకు చదవడం రాదు. మందు ఇచ్చినట్టు ముద్ర అని నేనే అబద్ధం చెప్పి సంతకం పెట్టించుకున్నా.”

మేనేజరు నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. కోపం కంటే దిగులే ఎక్కువుంది అందులో. కానీ ఆయన తెలివైనవాడు, వెంటనే తేరుకున్నాడు. “సరేనండి. ఈ రిజిస్టరు తప్పుల తడకని ఈయనే ఒప్పుకున్నారు. అలాంటప్పుడు ఇతను ఇన్నేళ్ళు దగ్గాడన్నదానికి కూడా సాక్ష్యం లేనట్టేగా? పైగా హాజరు పట్టీలో ఇతని పేరు యార్డు హెల్పరుగా ఉంది. దుమ్ము షెడ్డులో చేశాడని ఎక్కడా లేదు.”

అది నిజమే. షెడ్డులోవాళ్ళందరినీ కాగితం మీద యార్డు మనుషులుగానే చూపేవాళ్ళు. ఆలస్యంగా నిజం చెప్పి, ఆ నిజంతోనే మామకు ఉన్న ఒక్క ఆధారాన్ని నేనే చింపేశానా అనిపించింది.

అప్పుడు గుమాస్తా, హాజరు పుస్తకాలు తెచ్చి అంతసేపూ గోడకు ఆనుకుని నిలబడ్డవాడు, బయటికి పోయాడు. రెండు నిమిషాల్లో చంకలో ఐదారు పుస్తకాలతో వచ్చి బల్లమీద దించాడు. అట్టలు జిగటగా ఉన్నాయి, పై పుస్తకం మీద చీమలు తిరుగుతున్నాయి.

“ఏమిటివి?” అన్నాడు డాక్టరు.

“బెల్లం పుస్తకాలు సార్. పాతవి ఇంకా ఉండాయి స్టోర్లో.”

“బెల్లం ఎందుకు?”

“దుమ్ముకు సార్. షెడ్డులో చేసినోళ్లకు మాత్రమే ఇస్తారు. యార్డోళ్లకు ఇయ్యరు.” అని మేనేజరు వైపు తిరిగి, “ఇయ్యరు గదా సార్? నేను అడిగినా మీరే ఇయ్యొద్దంటిరి, షుగరొస్తాదని” అన్నాడు.

డాక్టరు పుస్తకం తెరిచాడు. ప్రతిరోజూ మామ సంతకం ఉంది. పనికి వచ్చిన ఏ రోజూ ఆయన బెల్లం వదల్లేదు. డాక్టరు చాలాసేపు చూసి, అన్ని పుస్తకాలూ తనతో తీసుకుపోతానని రాసిచ్చాడు.

బయటికి వచ్చాక మామ నా చేయి పట్టుకున్నాడు. “చెప్పినావు, శానా సంతోషమప్పా. గేటు కాడ ఆమె కూచోనుంది. ఆమెకు ఒక్క మాట చెప్పు. నేను చెప్తే ఒకటి, నువ్వు చెప్తే ఒకటి.”

“ఇప్పుడే వస్తా మామా” అన్నాను. లోపల మేనేజరు పిలుస్తున్నాడు. అరగంట నిలబెట్టి తిట్టాడు. నేను బయటికి వచ్చేసరికి వాళ్ళు ఆటో ఎక్కి వెళ్ళిపోయారు. ఆదివారం ఇంటికే పోయి చెబుదాంలే అనుకున్నాను. ఆ ఆదివారం ఏదో పని. మరుసటి ఆదివారం మేనేజరుకు తెలిస్తే ఇంకా మంట అవుతుందని ఆగాను. తర్వాత ఇన్ని రోజులు పోకుండా ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని పోవాలనిపించింది. వాయిదా వేసినవాడికి కారణాలు దొరకడం కష్టం కాదు. వాటి మీద వేయడానికి నా దగ్గర ముద్ర లేకపోయింది, అంతే తేడా.

నన్ను డిస్పెన్సరీ నుంచి తీసి స్టోర్లో వేశారు, హెల్మెట్లు, చేతి తొడుగులు లెక్కపెట్టే పని. గుమాస్తాను కదిలించలేదు, బెల్లం మాత్రం ఆపేశారు. ఏడెనిమిది నెలలకు ఉత్తర్వు వచ్చింది, జబ్బు పని వల్ల వచ్చిందేనని. మిల్లు పెట్టినప్పటి నుంచి మొదటిసారి, వృత్తివల్ల వచ్చిన జబ్బును తెలిపే ఫారం నింపాల్సి వచ్చింది. అలాంటిది నింపడం ఎవరికీ తెలియక నన్నే పిలిచారు. కారణం అన్నచోట ‘రాతిదుమ్ము’ అని నా చేతిరాతతో రాశాను. రాసేటప్పుడు గెలిచినట్టేమీ అనిపించలేదు. అలసటగా ఉంది, ఇంత చిన్న మాటకు ఇన్నేళ్ళా అని.

ఆ ఉత్తర్వు వచ్చేటప్పటికి మామ పోయి నెల దాటింది.

ఇంక ఆగలేక ఆ ఫారం నకలు జేబులో పెట్టుకుని జమ్మలమడుగు పోయాను. గుమ్మంలో నన్ను చూసి ఆమె కుర్చీ వేసింది, నీళ్ళిచ్చింది. నేనెవరో చెప్పబోతే తెలుసంది. దారిపొడుగునా మనసులో కూడబలుక్కున్నదంతా గబగబా చెప్పేశాను. ఆయన ఏనాడూ బీడీ తాగలేదమ్మా, ఆ ముద్ర నాది, ఆ అబద్ధం నాది, ఆయన ఇచ్చిన మాట ఒక్కరోజు కూడా తప్పలేదు అని.

ఆమె కాగితం తీసుకుని మడత విప్పకుండా ఒళ్ళో పెట్టుకుంది.

“ఇదేనా చెప్పేకి వచ్చింది? నువ్వొస్తావని ఆయన రెండు ఆదివారాలు ఈ గడపకాడ్నే కూచున్యాడు” అంది. ఆమె కోపంగా లేదు. ఉంటే బాగుండేదనిపించింది.

“నాకు తెల్సులే అప్పా. కంపెనీ కాగితం వచ్చిన పొద్దే ఆయన చొక్కాలన్నీ తీసి వాసన చూసినా. రాతి వాసన తప్ప ఇంకేం రాల్యా. ఒక చొక్కా మొగానికి పెట్టుకోని తల ఎత్తితే, వాకిట్లో ఆయన నిలబడి నన్నే చూస్తాండాడు.”

ఒళ్ళోని కాగితాన్ని ఇంకో మడత పెట్టింది.

“ఏమీ అనల్యా. ఆ పొద్దు నుంచి ఊపిరాడక ఆయాసపడతానే, పొయ్యేదాకా ఆయన చొక్కాలు ఆయనే ఉతుక్కున్యాడు. ఒక్కటి గూడా నన్ను ముట్టుకోనీల్యా.”